తెడ్లు వేసిన ఏడాది

డిగ్రీ చదివేటప్పుడు నేను రోయింగ్ జట్టులో చేరాను. మాది నల్లపాడు దగ్గర మిరప పండించే ఊరు. పడవలంటే కొత్తపట్నం సముద్రపు ఒడ్డున చూసినవే. అయినా మిరప టిక్కీ బస్తాలు మోసిన నా భుజాలు చూసి కోచ్ గారు తీసుకున్నారు.

పోటీలు దగ్గరపడ్డాయని కృష్ణ ఒడ్డున క్యాంపు పెట్టారు. పొద్దున పడవ, సాయంత్రం పడవ. అన్నం సహించేది కాదు. ఎంత అలిసినా నిద్ర పట్టేది కాదు. ఎవరేమన్నా ఏడుపొచ్చేది. దానికితోడు నెలసరి ఆగిపోయింది.

సెలవుకి ఇంటికెళ్తే అమ్మ పట్టేసింది.

“ఏమే, ఈ నెల కూడా రాలేదా?”

“లేదమ్మా.”

అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. “నాతో చెప్పాల్సిందేమన్నా ఉందా?”

“ఆ కోచ్ గారు ఊపిరి పీల్చుకోనిస్తేగా, ఇంకోటి చేయడానికి.”

అమ్మకి నవ్వొచ్చింది. అయినా మర్నాడే గుంటూరులో డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టింది. ఆవిడ రక్తపరీక్ష చేయించి, కాగితాలు చూసి, నెమ్మదిగా చెప్పింది.

“భయపడేదేం లేదు. ఒళ్ళు హూనమయ్యేలా శ్రమ, దానికి తగ్గ తిండి లేదు. ఒత్తిడి హార్మోను పెరిగింది, నెలసరిని నడిపే హార్మోన్లు తగ్గాయి. ఒళ్ళు ముందు ప్రాణం కాపాడుకుంటుంది, మిగతావి తర్వాత.”

“నీళ్ళు చాలకపోతే మిరప పూత రాల్చినట్టాండీ?” అంది అమ్మ.

“అచ్చం అంతే.”

అమ్మ నాతోపాటు క్యాంపుకొచ్చి కోచ్ గారికి అంతా చెప్పేసింది. నేను సిగ్గుతో నది వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన ఆ సాయంత్రం డాక్టరమ్మకి ఫోన్ చేసి, మర్నాడు ఆవిడనే క్యాంపుకి పిలిపించారు. జట్టులో ఇంకో ఇద్దరిదీ నా పరిస్థితేనని అప్పుడు తెలిసింది. ఒకరికొకరం చెప్పుకోలేదు, అంతే.

అప్పటినుంచి వారానికో రోజు పడవలు నీళ్ళలో దించలేదు. భోజనంలోకి గుడ్లొచ్చాయి. అమ్మ పంపిన నువ్వుల ఉండలు జట్టంతా పంచుకున్నాం. నిద్ర తిరిగొచ్చింది. తెడ్డు తేలికైనట్టనిపించింది.

పోటీల ముందు టెలిఫోన్ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను.

“అమ్మా, వచ్చింది.”

“ఏంటి, అప్పుడే కప్పా?”

“కప్పు కాదమ్మా. అదీ…”

బూత్ ఆయన గొంతు సవరించుకుని బయటికెళ్ళి నిలబడ్డాడు. అవతల అమ్మ ఎంతసేపు నవ్విందో.

ఆ పోటీల్లో మా పడవ రెండో స్థానంలో వచ్చింది. గెలిచిన జట్టుకంటే మేమే ఎక్కువ గోల చేశాం.