బుచ్చవ్వ ఆకలి

బుచ్చవ్వ అన్నం తింటుండగా చూసినవాళ్లు సూరత్‌లోని నవాగామ్‌లో ఎవరూ లేరు. కొడుకు ఉమాకాంత్ పవర్‌లూమ్ కార్ఖానా నుంచి వచ్చి తింటాడు, కోడలు జమున చీరలకు స్టోన్లు అంటించే పని పక్కన పెట్టి తింటుంది. బుచ్చవ్వ మాత్రం గిన్నెలు జరుపుతూ "నాకు ఆకలైతలేదు, మీరు తినుండ్రి" అంటుంది. వాళ్లు లేచాక గోడవైపు తిరిగి ఏదో నోట్లో వేసుకుంటుంది. అదే ఆమె భోజనం. పెళ్లికి వెళ్లినా పక్కవాళ్ల విస్తట్లో ఏం తక్కువైందో చూసి వడ్డించేవాళ్లను పిలవడమే ఆమె పని.

పిట్ట తిండి అని అందరూ మెచ్చుకునేవారు. ఉమాకాంత్ ఇంకా ఎక్కువ మెచ్చుకునేవాడు. మా అవ్వకు ఆకలే ఉండదని తోటి మగ్గం పనివాళ్లు, కారీగర్ల దగ్గర గొప్పలు పోయేవాడు, అదేదో ఆమె చదివిన పెద్ద చదువైనట్టు.

సిరిసిల్ల పక్క పల్లె నుంచి మగని వెంట సూరత్ వచ్చినప్పుడు ఆమెకు పాతికేళ్లు. మగ్గం శబ్దంలో మాట వినబడక ఇద్దరూ సైగలతోనే కాపురం చేశారని నవ్వుతూ చెప్పేది. కొడుక్కి ఆరేళ్లప్పుడు మగడు ఛాతీ జబ్బుతో పోయాడు. తిరిగి ఊరికి పోదామని అన్నదమ్ములు వస్తే, అక్కడా నూలే, ఇక్కడా నూలే, ఇక్కడైతే పని దొరుకుతుంది అని పంపించేసింది. కండెలు చుట్టింది, కళ్లు మసకబారాక చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని పట్టింది. డెబ్భై దాటింది. ఒకరి గడప తొక్కి ఏదీ అడిగిన మనిషి కాదు.

అలాంటి మనిషికి కుడివైపు డొక్కలో నొప్పి పట్టుకుంది. పిత్తాశయం నిండా రాళ్లున్నాయనీ, తీసెయ్యాలనీ సర్జన్ చెప్పాడు. ఆలస్యం చేస్తే చీము పట్టి లోపలే పగులుతుందన్నాడు. సరేనని ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్షలు చేయించారు. ఆ కాగితం చూసి అదే సర్జన్ కత్తి పక్కన పెట్టేశాడు. ప్లేట్‌లెట్లు మరీ తక్కువున్నాయి, ఇప్పుడు కోస్తే రక్తం ఆగదు, ముందు రక్తం డాక్టర్‌ను కలవండి అన్నాడు. కొయ్యకపోతే పగులుతుంది, కోస్తే ఆగదు. ఉమాకాంత్ ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకుని, కార్ఖానాలో మగ్గం ముందు నిలబడి రెండు రోజులు ఆలోచించాడు. ఏమీ తేలలేదు.

ప్లేట్‌లెట్లు అనగానే సూరత్‌లో అందరికీ తట్టేది డెంగ్యూ. పక్క మగ్గం మీద పనిచేసే సాంబయ్య బొప్పాయి ఆకులు సంచినిండా తెచ్చాడు. "మా బామ్మర్దికి గిదే తాగిస్తిమి. లేచి కూసున్నడు," అన్నాడు. ఆ చేదు రసాన్ని బుచ్చవ్వ మూడు పూటలు తాగి, మూడు పూటలూ కక్కింది. జ్వరం లేని డెంగ్యూ ఎక్కడైనా ఉంటుందా అని జమునకు అనుమానం వచ్చింది గానీ, ఆకులు తెచ్చిన మనిషి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడాయె.

రక్తం డాక్టరమ్మ గుజరాతీ ఆవిడ. బుచ్చవ్వ చేతుల మీద నీలి మచ్చలు చూసి, "బా, ఎక్కడైనా తగిలిందా?" అని, అమ్మా అనే గుజరాతీ పిలుపు కలిపి, హిందీలో అడిగింది. తగలకుండానే వస్తున్నాయని తెలిశాక ఇంకొన్ని పరీక్షలు రాసింది. అవన్నీ వచ్చాక ఉమాకాంత్‌ను కూర్చోబెట్టి చెప్పింది. ఇది డెంగ్యూ కాదు. ఒళ్లు తన ప్లేట్‌లెట్లను తానే శత్రువులనుకుని చంపేసుకుంటోంది.

"మావాళ్లు పదిమంది ఉన్నరు మేడమ్, రక్తం ఇస్తమంటున్నరు," అన్నాడు ఉమాకాంత్ తన కార్ఖానా హిందీలో.

చిల్లు కుండలో నీళ్లు పోసినట్టవుతుంది, ఎక్కించినవాటినీ ఒళ్లు చంపేస్తుంది, ఆపరేషన్ రోజుకు మాత్రం ఇద్దరు ముగ్గురిని సిద్ధంగా ఉంచుకోండి అని ఆవిడ చెప్పింది. మాత్రలు రాసింది. కౌంట్ యాభై వేలు దాటితే ఆపరేషన్ చేయవచ్చంది. ఆ తర్వాత షుగర్ గురించి, నిద్ర గురించి, ఇంకా వేటి గురించో చాలాసేపు చెప్పింది. ఉమాకాంత్ తల ఊపాడు. యాభై వేలు అన్న మాట ఒక్కటే అతని తలలోకి దిగి తలుపేసుకుంది, మిగతావన్నీ బయటే ఆగిపోయాయి.

ఇంటికొచ్చాక బుచ్చవ్వ అడిగింది. "ఏమన్నది డాక్టరమ్మ?"

"నీ రక్తాన్ని నువ్వే తింటున్నవట అవ్వా."

బుచ్చవ్వ కాసేపు తన అరచేతులను చూసుకుంది. "నేనెన్నడు ఎవ్వలది తినలే గద బిడ్డా," అంది.

నూనె ముట్టొద్దని సర్జన్, తీపి ముట్టొద్దని డాక్టరమ్మ చెప్పారు. ఇంట్లో అందరికీ ఇదొక్కటే తేలికైన సంగతి అనిపించింది. తిననే తినని మనిషికి పథ్యం ఏముంది?

మాత్రలు మొదలైన నాలుగో రోజు బుచ్చవ్వ రెండోసారి అన్నం పెట్టించుకుంది. జమున గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వారానికల్లా ఆమె అందరికంటే ముందు కంచం ముందు కూర్చుంటోంది. ముఖం గుండ్రంగా ఉబ్బింది. నిద్ర తగ్గింది, మాట పెరిగింది. డబ్బాలోని సేవ్, ఆ సన్న కారప్పూస, సగమైంది. ఒకరోజు వీధి చివర బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీలు తింటుండగా సాంబయ్య చూశాడు. చూసిన మాట ఉమాకాంత్‌కు చెప్పేలోగా నొప్పి వచ్చేసింది. బుచ్చవ్వ డొక్క పట్టుకుని నేలమీద ముడుచుకుపోయింది. సూది వేయించి తీసుకొచ్చాక ఉమాకాంత్‌కు కోపం ఆగలేదు.

"సిగ్గున్నదా నీకు? ఈ వయసుల దొంగతిండి ఏందవ్వా? సస్తవ్, ఎరుకేనా?"

తల్లిని అతను అంత మాట ఎప్పుడూ అనలేదు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది, అక్కడ ఏమీ లేకపోయినా. "నాకేమైతుందో నాకే సమజైతలేదు కొడుకా. ఎవ్వలో నా కడుపుల జొచ్చి తింటున్నరు," అంది. జమున నిమ్మకాయ దిగదుడిచి వీధిలో పారేసింది. ఉమాకాంత్ సేవ్ డబ్బాను, చక్కెర డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని కార్ఖానాకు వెళ్లాడు. రోజంతా అది తొడకు తగులుతూనే ఉంది.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు కౌంట్ అరవై వేలు దాటింది. డాక్టరమ్మ సంతోషించింది. ఉమాకాంత్ మాత్రం తిండి గోల ఎత్తుకున్నాడు. అవ్వ మారిపోయింది, దొంగతనంగా తింటోంది, మనసుకేమైనా అయిందేమో చూడమన్నాడు. ఆవిడ నవ్వింది.

"ఆ మాత్ర చేసే పనే అది భాయ్. విపరీతమైన ఆకలి పుడుతుంది. మొదటిరోజే చెప్పాను కదా."

చెప్పే ఉంటుంది. ఉమాకాంత్‌కు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొద్దున్నే తన చేత్తో మాత్ర మింగించి, సాయంత్రం తన నోటితోనే దొంగతిండి అని తిట్టాడు. ఆపరేషన్ కోసం మందు, మందు వల్ల ఆకలి, ఆకలి వల్ల తిండి, తిండి వల్ల నొప్పి, నొప్పి పోవడానికి ఆపరేషన్. చిక్కుపడ్డ నూలులా ఏ కొస పట్టుకుని లాగినా ఇంకోచోట బిగుసుకుంటోంది. ఇంటికొచ్చి బీరువా తాళం తీశాడు. తీసి, మళ్లీ వేశాడు. నొప్పి మాత్రం నిజమే కదా.

ఆపరేషన్ రోజు కుదిరింది. ముందురోజు రాత్రి నుంచి మంచినీళ్లు కూడా తాగకూడదన్నారు. పొద్దున్నే గుమ్మం దాటుతుండగా జమున గిన్నెలో పెరుగు, చక్కెర కలిపి తెచ్చి అత్త నోట్లో ఒక చెంచా పెట్టింది. జమున పుట్టిపెరిగింది సూరత్‌లోనే. పరీక్షకు పోయినా, ప్రయాణానికి పోయినా ఇక్కడ నోట్లో పెరుగు పెట్టే పంపిస్తారు. ఆమె చెయ్యి దానంతటదే ఆ పని చేసేసింది. ఉమాకాంత్ అక్కడే నిలబడి చూశాడు, అయినా తప్పేదో జరిగిందని అతనికీ తట్టలేదు.

మత్తు డాక్టర్ వచ్చి, ఏమైనా తిన్నారా అని అడిగాడు. "లేదు సాబ్, ఏం లేదు," అన్నాడు ఉమాకాంత్ గట్టిగా. మంచం మీంచి బుచ్చవ్వ చెయ్యెత్తింది. "దహీ," అంది. అబద్ధం ఆడటం ఆమెకు రాదు, ఆకలి సంగతిలో తప్ప. ఆ ఒక్కటి కొడుక్కి అప్పటికి తెలియదు.

సర్జన్ విసుక్కున్నాడు. ఆపరేషన్ మధ్యాహ్నానికి వాయిదా పడింది. మధ్యాహ్నం ఇంకెవరిదో అత్యవసరం కేసు వచ్చి ఇంకా వెనక్కి పోయింది. రేపటికి పెడదామని ఒకరంటే, కౌంట్ మళ్లీ పడిపోవచ్చు, ఇవాళే కానిద్దామని డాక్టరమ్మ పట్టుబట్టింది. సాంబయ్య, ఇంకో ఇద్దరు కారీగర్లు పని మానుకుని, అవసరమైతే రక్తం ఇవ్వడానికి కింద కూర్చున్నారు. జమున వాళ్ల పక్కన కూర్చుని తన చేతిని తానే తిట్టుకుంటోంది.

వార్డులో భోజనాలు వచ్చాయి. పక్క మంచం ఆవిడ మూత తీయగానే పప్పు వాసన గుప్పుమంది. బుచ్చవ్వ అటే చూస్తోంది.

"కొడుకా, జరంత అన్నం దొర్కుతదా?"

తాను సరిగా విన్నానో లేదో అనుకున్నాడు ఉమాకాంత్. పుట్టి బుద్ధెరిగాక తల్లి అతన్ని అన్నం అడగడం ఇదే మొదలు. "వద్దవ్వా. ఆపరేషన్ అయినంక," అన్నాడు.

"ఒక్క బుక్క. ఎవ్వలకు జెప్ప."

"పెడితే ఇయాల చెయ్యరవ్వా."

"అవునా," అంది. అయినా చెయ్యి చాచింది. సన్నని చెయ్యి, నిండా నీలి మచ్చలు. అతను ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు గానీ అందులో ఏమీ పెట్టలేదు. ఏడుపు వచ్చేసింది.

"ఏడువకురా. నేను గూడ నీకు పెట్టలే ఒకనాడు," అంది బుచ్చవ్వ. మాత్రలు వేసుకున్నప్పటి నుంచి ఆమె మాటలు ఆగడం లేదు. "మీ నాయిన పోయిన యేడు. ఇంట్ల గింజ లేకుండె. నువ్వు ఆకలి, ఆకలి అని ఒకటే ఏడుపు. ఇంతకుముందే తింటివి గదరా, మర్సినవా అన్న. పప్పేసుకొని తింటివి, చెయ్యి గూడ కడుక్కుంటివి అన్న. నువ్వు నమ్మినవ్. పండుకున్నవ్. శాన దినాలు గట్లనే చెప్పిన."

ఉమాకాంత్ పట్టుకున్న చేతిని వదల్లేదు.

"నువ్వు నమ్మినంక నాకు గూడ నేను గట్లనే చెప్పుకున్న. తిన్నవే బుచ్చీ, నీకాకలి లేదే అని. అలవాటైపోయింది," అంది. "గీ గోలీలే ఆగనిస్తలేవు."

నర్సులు వచ్చి మంచాన్ని తోసుకుపోయారు. ఉమాకాంత్ తలుపు బయట నిలబడి చిన్నప్పటి భోజనాలను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. తనకెప్పుడూ ఆకలి తెలియదనే అతని నమ్మకం. పప్పన్నం గుర్తుంది, కడుక్కున్న చెయ్యి గుర్తుంది. వాటిలో ఏది తిన్నదో, ఏది తల్లి చెప్పిందో ఎంత వెతికినా విడదీయలేకపోయాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. పెద్దగా రక్తం పోలేదు, సాంబయ్యవాళ్ల అవసరం రాలేదు. మర్నాడు డాక్టరమ్మ వచ్చి చూసి, ఇక మాత్రలు కొద్దికొద్దిగా తగ్గిస్తానంది. "భయపడకు భాయ్, ఆ ఆకలి కూడా తగ్గిపోతుంది. బా మళ్లీ ముందులాగే అయిపోతుంది," అని భుజం తట్టింది.

నెల రోజులుగా అతను కోరుకున్నది ఆ మాటే. తీరా విన్నాక వద్దనిపించింది. ముందులాగే అంటే ఏమిటో డాక్టరమ్మకు తెలియదు. మందు ఆపకుండా ఉండలేరా అని అడగబోయి, అదేం ప్రశ్నో తనకే అర్థం కాక ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం మెత్తటి అన్నం పెట్టవచ్చన్నారు. జమున గంజిలా వండి తెచ్చింది. బుచ్చవ్వ గోడవైపు తిరగకుండా, అందరి ముందూ కూర్చుని గిన్నె ఖాళీ చేసింది. ఖాళీ గిన్నెను కొడుకు వైపు చాపింది.

"ఇంక జర పెడ్తవా?"

అడుగుతున్నది అవ్వో, మాత్రో ఉమాకాంత్‌కు తెలియలేదు. గబగబా పెట్టాడు, ఆమె చాలని చెప్పేలోగా ఇంకో గరిటె కూడా పెట్టాడు.