మేకుల చెప్పులు

గ్యారేజీ నేలకు గాజులా గట్టిపడే ఎపాక్సీ పూత వేయడంలో ఆ మేస్త్రికి తిరుగులేదని గిట్టనివాళ్లు కూడా ఒప్పుకుంటారు. అడుగున మేకులున్న చెప్పులు బూట్లకు కట్టుకుని, ఆరని పూత మీద తిరుగుతూ రంగు పలుకులు చల్లుతాడు. మేకుల గుర్తులు తడి పూతలో వాటంతటవే పూడిపోయి, ఒక్క అడుగుజాడ మిగలదు.

ఆ రోజు పని కాగానే ఇంటావిడ లోపలి తలుపు తీసింది.

"అన్నయ్యా, లోపలికి రండి, టీ తాగుదురుగాని."

మేస్త్రి ఉబ్బితబ్బిబ్బై గబగబా హాల్లోకి నడిచాడు. ఆవిడ కెవ్వుమంది. వెనక్కి తిరిగి చూస్తే, మొన్ననే వేయించిన చెక్క నేల నిండా చిల్లులు! మేస్త్రికి పైప్రాణాలు పైనే పోయాయి.

"అవి విప్పాలని తోచలేదా?"

"తోచలేదమ్మా," అన్నాడు చెప్పుల పట్టీలు విప్పుకుంటూ. "ఇరవై ఏళ్లుగా టీ గ్యారేజీలోకే వచ్చేది. లోపలికి పిలిచింది మీరొక్కరే."