మామ్మ వదులుకున్న కొసరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బేరమాడే హక్కు ఒక్క మా మామ్మకే ఉండేది. మామ్మ అంటే మా నాన్నను కన్నతల్లి, గణపవరం మార్కెట్లో ముప్పై ఏళ్ళు చేపల గంప ముందు కూర్చున్న మనిషి. బస్తా బియ్యం కొన్నా, బడికి నా చెప్పులు కొన్నా ఆవిడ పక్కన ఉండాల్సిందే. నాన్నకు బేరం చేతకాదు. అవతలివాళ్ళు ధర చెప్పగానే "సరేనండీ" అనేసి, ఇంటికొచ్చాక మంచం మీద కూర్చుని బాధపడే రకం. అమ్మ అయితే అమ్మేవాడి మొహం చూసి జాలిపడి ఇంకో రూపాయి ఎక్కువే ఇచ్చి వచ్చేది. ఇలాంటి ఇద్దరితో సంసారం ఎలా నెగ్గుకొస్తుందో ఏమోనని మామ్మ రోజుకోసారైనా దేవుడితో మొరపెట్టుకునేది.

మాకొక పాత పికప్ వ్యాను ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా కొల్లేటి వైపు ఎటు చూసినా చేపల చెరువులే. పట్టిన చేపల్ని ఐసు పెట్టెల్లో సర్దితే నాన్న వాటిని తన బండిలో చేర్చాల్సిన చోటికి చేర్చేవాడు. ఐసు నీళ్ళు కారి కారి బండి నేలంతా తుప్పు పట్టింది. తుప్పు సంగతి కళ్ళున్న వాళ్ళందరికీ కనిపించేదే. కనిపించనిది బ్రేకు. ఒకసారి తొక్కితే పట్టేది కాదు, కాలు తీసి వెంటనే రెండోసారి తొక్కితే అప్పుడు పట్టేది. మార్పించాలంటే మెకానిక్కు పెద్ద ఖర్చే చెప్పాడు. ఎలాగూ కొత్త బండి కొంటున్నాం కదా అని నాన్న వాయిదా వేస్తూ వచ్చాడు. ముందు సీట్లో నాన్నకూ మామ్మకూ మధ్య కూర్చునేదాన్ని నేను. నాన్న కాలు కదిలితే చాలు, ఎదురుగా ఉన్న ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకోవడం నాకు అలవాటైపోయింది.

ఆ ఏడు నాన్నకు ఒక మంచి అవకాశం వచ్చింది. చేపలు ఎగుమతి చేసే షావుకారు ఒకాయన, వచ్చే సోమవారం నుంచి రోజూ తాడేపల్లిగూడెం దాకా లోడు ఇస్తానన్నాడు. కాకపోతే దారిలో మొరాయించే బండి పనికిరాదు, కొత్తది ఉండాలి, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటానన్నాడు. మామ్మ పాడిన చీటీ డబ్బు చేతికి వచ్చింది. దానికి తోడు పాత బండిని షోరూము వాళ్ళు అరవై వేలకు తీసుకుంటే మొదట కట్టాల్సింది సరిపోతుంది, మిగతాది వాయిదాలు. అరవై రాకపోతే కొత్త బండీ లేదు, లోడూ లేదు. మా ఇంట్లో ఆ వారమంతా అరవై అన్న మాట తప్ప ఇంకో మాట వినబడలేదు.

శనివారం పొద్దున్నే నాన్న బండిని చింతపండు పెట్టి తోమాడు, చేపల వాసన పోవాలని. నేనూ వస్తానని మంకుపట్టు పట్టాను. కొత్త బండి మొదట ఎక్కేది నేనే కావాలి మరి. బయలుదేరే ముందు నాన్న నన్ను పక్కకు పిలిచి, చేతిలో తడిగుడ్డ నలుపుతూ, "బ్రేకు సంగతి అక్కడ ఎవరితోనూ అనకమ్మా. కొన్నవాళ్ళు ఎలాగూ బాగుచేయించుకుంటారు" అన్నాడు. నాన్న అబద్ధాలాడే మనిషి కాదు. ఆ మాట అంటున్నప్పుడు నా మొహం చూడలేకపోయాడు. నేను తల ఊపాను.

తాడేపల్లిగూడెంలో ఆ షోరూము మేనేజరు నున్నగా క్రాపు దువ్వుకున్న, మెత్తగా మాట్లాడే మనిషి. "రండి మామ్మగారూ, కూర్చోండి మామ్మగారూ" అంటూ చల్లటి మంచినీళ్ళిప్పించాడు. మామ్మ నీళ్ళు తాగింది గానీ కూర్చోలేదు. తిన్నగా ఆవరణలో నిలబెట్టిన కొత్త బండి దగ్గరకు వెళ్ళింది. ఆవిడకు బండ్ల గురించి ఏమీ తెలియదు, చేపల గురించి అంతా తెలుసు. అందుకని తెలిసిన పద్ధతిలోనే చూసింది. మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూసినట్టు బానెట్టు ఎత్తించి చూసింది. టైరును బొటనవేలితో నొక్కి గట్టితనం చూసింది. వెనక తలుపు దిగదీయించి వంగి వాసన కూడా చూసింది. నాన్న సిగ్గుతో రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. మేనేజరు నవ్వాపుకుంటూ, "తాజా సరుకేనండీ మామ్మగారూ, నిన్ననే దిగింది" అన్నాడు.

"అలాగా బాబూ, సంతోషం" అంది మామ్మ, ఎంతో అమాయకంగా.

అప్పుడు నా చెయ్యి పట్టుకుని బండి వెనక్కి తీసుకెళ్ళి కిందికి చూడమంది. బండి కింద జానెడు గడ్డి మొలిచి, ఎండ తగలక తెల్లబారి ఉంది. చక్రం కన్నాల్లోంచి కూడా రెండు పరకలు బయటికి తొంగిచూస్తున్నాయి. "ఇది నిన్న పడిన చేప కాదే" అని నా చెవిలో గొణిగింది. మరి అడుగు మామ్మా అన్నాను నేను ఉత్సాహంగా. "ఇప్పుడెందుకే, కొసరుకు ఉంచాను" అంది.

కొసరు అంటే మా వాళ్ళకు ప్రాణం. బేరం తెగి, ధర ఒప్పుకున్నాక, ఆఖర్న పైన ఇంకో చిన్న చేప వేయించుకుంటేగానీ కొన్నవాళ్ళు గంప ముందు నుంచి లేవరు. ముప్పై ఏళ్ళు అందరికీ కొసరు వేసిన చెయ్యి మామ్మది. ఇన్నాళ్ళకు పుచ్చుకునే వంతు వచ్చింది. లోడు మీద కప్పే కొత్త టార్పాలిను మీదా, పూల పూల సీటు కవర్ల మీదా ఆవిడ కన్ను అప్పటికే పడిందని నాకు తెలుసు.

తరువాత మా పాత బండి వంతు. షోరూము తరఫున ఒకాయన చూడడానికి వచ్చాడు. "క్లచ్చు కాస్త బిగుతండీ, నేనే నడిపి చూపిస్తాను" అని నాన్న స్టీరింగు వదల్లేదు. ఒక చుట్టు తిరిగి వచ్చారు. ఇంజను బాగుంది, కింద తుప్పుంది అని ఆయన చెప్పాడు. మేనేజరు నలభై అయిదు అన్నాడు. నాన్న నోరు "సరేనండీ" అనడానికి తెరుచుకుంది. మామ్మ నాన్న కాలి మీద కాలేసి తొక్కింది.

ఆ పైన జరిగిన మూడు గంటలు ఇప్పుడు తలుచుకున్నా నాకు నవ్వొస్తుంది. మామ్మ ఒక్కసారి కూడా కాదనలేదు, గొంతు పెంచలేదు. "అంతేనంటారా బాబూ" అనేది, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పేది, ఆయన పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారో అడిగేది, మళ్ళీ "అంతేనంటారా" అనేది. మధ్యాహ్నమయ్యేసరికి క్యారేజీ విప్పింది. శీలావతి చేప వేపుడు వాసన ఆ ఏసీ గదిని నిండా ముంచేసింది. వద్దండీ, వద్దండీ అంటూనే మేనేజరు రెండు ముక్కలు తిన్నాడు. తింటున్నంతసేపు మామ్మ ధర ఊసు ఎత్తలేదు. తిన్న తరువాత యాభై అయిదు అయింది. టీ తాగాక యాభై ఎనిమిది. ఆఖరికి మేనేజరు రెండు చేతులూ ఎత్తేసి, "సరే మామ్మగారూ, అరవై. ఇంకో గంట కూర్చుంటే మా షోరూమే రాయించుకునేట్టున్నారు" అన్నాడు. నాన్న కుర్చీలో వెనక్కి వాలి, ఆ రోజు మొదటిసారి గట్టిగా ఊపిరి వదిలాడు. మామ్మ నా వైపు చూసి కన్ను గీటింది. ఇక కొసరే మిగిలింది.

పొద్దుటి నుంచీ షోరూము బయట బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో పరుపులు కుట్టి అమ్మే సాయిబు గారు. పల్లెలకు పరుపులు తీసుకెళ్ళడానికి ఒక పాత బండి కావాలని మేనేజరుతో ముందే మాట్లాడుకుని, మా బండి కోసమే ఎదురుచూస్తున్నాడట. ఆయన పక్కన వాళ్ళమ్మాయి, నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్నది. మేనేజరు తాళాలు ఆయన చేతిలో పెట్టగానే ఆ అమ్మాయి పరుగెత్తుకెళ్ళి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. కాళ్ళు కిందికి అందడం లేదు. సరిగ్గా నేను కూర్చునే చోటే కూర్చుంది.

నేను బండి దగ్గరకు వెళ్ళాను. ఏదో చెప్పాలని కాదు. మా బండి కదా, ఆఖరిసారి చూద్దామనే వెళ్ళాను. ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వింది. నాన్నకు మాట ఇచ్చానన్న సంగతి గుర్తుంది, అయినా నా నోరు నా మాట వినలేదు.

"ఈ కడ్డీ గట్టిగా పట్టుకో. మొదటిసారి బ్రేకు పట్టదు, రెండోసారికి ఒక్కసారిగా ఆగుతుంది" అన్నాను.

సాయిబు గారు తలుపు దగ్గరే ఆగిపోయాడు. మేనేజరు ముఖంలోంచి నవ్వు పోయింది. నాన్న నన్ను చూశాడు. కోపం కాదది, కోపమైతే బాగుండేది. సోమవారం లోడు చేజారిపోతుంటే చూస్తున్న మనిషి చూపు. నాకు అక్కడే భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. గౌను అంచు నోట్లో పెట్టుకుని ఏడుపు ఆపుకుంటున్నాను.

అప్పుడు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న మామ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, మెల్లగా నడిచి వచ్చి నా వెనక నిలబడింది. రెండు చేతులూ నా భుజాల మీద వేసింది.

"దాన్ని నేనే చెప్పమన్నానండీ. బేరం గోలలో పడి నేను మర్చిపోతానేమోనని" అంది.

నాకు ఆవిడ అలాంటి మాటేమీ చెప్పలేదు. నేను తలెత్తి చూశాను. ఆవిడ నా వైపు చూడనేలేదు. చేతులు మాత్రం నా భుజాల మీద ఇంకాస్త బరువుగా ఆనాయి.

మేనేజరు లెక్క మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు. బ్రేకు బాగుచేయించడానికి ఏడు వేలు తగ్గించాలన్నాడు. న్యాయమేనంది మామ్మ. న్యాయమే అయినా ఆ ఏడు వేలు మా దగ్గర లేవు. నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. అప్పుడు మామ్మ చాలా మర్యాదగా, "మా బండి కడుపులో ఉన్నది మేం చెప్పేశామండీ. మరి మీ బండి సంగతి కూడా చెప్పండి బాబూ. నిన్న దిగిన బండి కింద జానెడు గడ్డి ఎలా మొలిచిందంటారు?" అంది.

మేనేజరు గతుక్కుమన్నాడు. వానాకాలం ముందు నుంచీ ఆ బండి అక్కడే ఉందన్న సంగతి ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకున్నాక ఆయనే ముందుగా నవ్వాడు. కొత్త బండి ధరలో ఏడు వేలు తగ్గించాడు. లెక్క మళ్ళీ మొదటికొచ్చి, ఎవరికీ ఎక్కువా తక్కువా లేకుండా సరిపోయింది. ఒక్క కొసరే పోయింది. టార్పాలినూ లేదు, పూల సీటు కవర్లూ లేవు. షోరూము వాళ్ళు అలవాటు ప్రకారం కొత్త బండి చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చారు. "మేం చర్చిలో ప్రార్థన చేయించుకుంటామండీ. నిమ్మకాయలు మాత్రం ఇలా ఇవ్వండి, మజ్జిగలో పిండుకుంటాం" అని మామ్మ నాలుగూ కొంగున కట్టుకుంది. కొసరు లేకుండా లేవడం ఆవిడ వల్ల కాలేదు.

నాన్న అప్పుడు తలెత్తాడు. ఉన్నట్టుండి సాయిబు గారి చేతిలోంచి తాళాలు తీసుకుని, పాపను దించి నా పక్కన నిలబెట్టి, "పక్క వీధిలో మెకానిక్కు ఉన్నాడండీ. అక్కడిదాకా నేనే తీసుకొస్తాను, నాకు అలవాటు" అన్నాడు. ఇద్దరూ కలిసి వెళ్ళారు. గంటకు తిరిగి వచ్చేటప్పుడు నాన్న ముఖం తేటగా ఉంది.

కొత్త బండిలో ఇంటికి బయలుదేరాం. ఊరి చివర ఒక గేదె అడ్డొచ్చింది. నాన్న అలవాటు కొద్దీ బ్రేకును టకటకా రెండుసార్లు తొక్కాడు. ఇది కొత్త బ్రేకు కదా, మొదటిసారికే గట్టిగా పట్టింది, రెండోసారికి మేం ముగ్గురం అద్దానికి గుద్దుకున్నంత పనైంది. తరువాత నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు, బండి పక్కకు తీసి మరీ నవ్వాడు.

ఆ నవ్వుల మధ్యే నేను మామ్మను అడిగాను, నువ్వు నాకు ఎప్పుడు చెప్పమన్నావు మామ్మా అని. ఆవిడ కొంగులోని నిమ్మకాయలు సర్దుకుంటూ కిటికీలోంచి చెరువుల వైపు చూసింది. "నాకూ చెప్పాలని లేదే అమ్మాయ్. మీ నాన్న కాలు రోజూ చూస్తూనే ఉన్నాను, నాకు తెలియదా? అయినా నోరు మూసుకునే కూర్చున్నాను. అంతమంది పెద్దాళ్ళ మధ్య నువ్వొక్కదానివీ నిజం చెప్పి నిలబడితే, నిన్ను ఒంటరిగా ఎలా వదిలేస్తాను?" అంది. నా కంటికి అంతవరకూ ఓటమెరగని మనిషి మా మామ్మ. ఆ మాట విన్నాక ఆవిడ మీద నాకు ప్రేమ ఇంకా పెరిగింది.

సోమవారం నాన్న లోడుకు వెళ్ళాడు. ఆ బండి మమ్మల్ని చాలా ఏళ్ళు పోషించింది, నా చదువూ దాని మీదే నడిచింది. మామ్మ పోయి పదేళ్ళు దాటింది. ఇప్పుడు నేను ఒక బడిలో టీచరుని. నా పిల్లలకూ, బడి పిల్లలకూ నేనే పెద్దదాన్ని. బేరం మాత్రం నాకూ రాలేదు, నాన్న పోలికే వచ్చింది.

పోయిన ఏడు మా బడికి పై ఆఫీసరు గారు తనిఖీకి వచ్చారు. అన్నీ బాగున్నాయా అని పిల్లల్ని అడిగారు. మూడో తరగతి పాప ఒకతి లేచి, బాత్రూములకు ఎప్పుడూ తాళమే ఉంటుందనీ, ఇవాళే తీశారనీ గడగడా చెప్పేసింది. గది అంతా చల్లబడిపోయింది. మా హెడ్మాస్టరు గారి చూపు, మిగతా టీచర్ల చూపు అన్నీ ఆ పాప మీదే. ఆ తాళం సంగతి ఏడాదిగా నాకూ తెలుసు. నేనూ నోరు మూసుకునే ఉన్నాను. పాప గౌను అంచు నలుపుతూ కిందికి చూస్తోంది. నేను వెళ్ళి దాని వెనక నిలబడి, భుజాల మీద చేతులు వేసి, "దాన్ని నేనే చెప్పమన్నానండీ" అన్నాను.

పాప తలెత్తి నన్ను చూసింది. నేను ఏమీ చెప్పమనలేదని మా ఇద్దరికే తెలుసు.