కుంకుడు మంటకు ఉప్పు గల్లు

మొన్న ఉప్పల్ అంగట్ల ఒక అవ్వ కుంకుడుకాయలు కుప్ప పోసుకొని అమ్ముతున్నది. ఒకటి తీసి వాసన చూసిన్నో లేదో, నాచారంల మా రేకుల ఇల్లు, ఆదివారం తలస్నానం యాదికొచ్చినయి.

కీసర దిక్కు ఊర్లె అమ్మమ్మ ఇంటెనక కుంకుడు చెట్టుండేది. ఏటా ఒక సంచి నిండ పంపేది. అమ్మ ఆ కాయలు రాయితోని కొట్టి, నల్ల గింజలు నాకు ఆడుకోనిచ్చి, తొక్కలు వేడినీళ్లల్ల పిసికి నురుగు తీసేది. "కదలకు, పేలు, చుండ్రు అన్నీ పోతయి" అంటూ రుద్దేది. కండ్లు మండి నేను మొత్తుకుంటే నోట్లె దొడ్డుప్పు గల్లు పెట్టేది. నిజంగనే మంట తగ్గేది.

అమ్మమ్మ చనిపోయి నెల దాటినంక, ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఆ సంచి ముందర కూసోని ఏడుస్తున్నది. అడుగున పిడికెడు కాయలే ఉన్నయి. కుంకుడు రసం కంట్ల పడ్డదనుకున్న. ఉరికి ఉప్పు గల్లు తెచ్చి ఆమె నోట్లె పెట్టిన.

"తగ్గిందా అమ్మా?"

"తగ్గింది బిడ్డా" అని నన్ను దగ్గరికి తీసుకున్నది.

ఆ పిడికెడు కాయలు మాత్రం కొట్టలే. మూటగట్టి అటక మీద పెట్టింది. మళ్ల ఆదివారం నుంచి నాకు షాంపూ ప్యాకెట్టే.

ఇప్పుడు అమ్మ కూడ లేదు. అంగట్ల కొన్న కాయలు ఇంటికి తెచ్చి నానబెట్టిన. నురుగు ఇంకా తల మీదికి రానేలేదు, కండ్లు మండినయి. ఉప్పు గల్లు నోట్లె ఏసుకొని కరిగేదాంక కూసున్న.

తగ్గలే. తగ్గదని తెలిసే, అమ్మ ఆనాడు నాకోసం తగ్గిందన్నది.