మోకాలి దగ్గర సున్నా

2002లో సంతోష్‌నగర్‌లో ఓ మేడ మీద ఇంజనీరింగ్ పిల్లలకు కంప్యూటర్ డ్రాయింగ్ నేర్పేదాన్ని. మాది గుంటూరు, మా ఆయన ఉద్యోగం వల్ల ఈ ఊరొచ్చాం. మా క్లాసు కిందే యాదగిరి గారి వర్క్‌షాపు. పోలియో సోకిన కాలికి రెండు వైపులా లోహపు పట్టీలు, తోలు బెల్టులు పెట్టి నిలబెట్టే కాలిపర్లు చేసేవారాయన. ఆ సుత్తి దెబ్బలకు నా పాఠం నాకే వినపడేది కాదు.

ఓ రోజు విసుగెత్తి పోట్లాటకే కిందికి దిగాను. ఆయన అంతా శాంతంగా విని, ఇంతకీ పైన ఏం నేర్పుతారని అడిగారు. ఇంకేం, పైకి తీసుకెళ్లి గొప్పలు పోయాను. ముందు స్కెచ్ గీస్తామండీ, అంటే చదునైన గీతల బొమ్మ. గీతలకు షరతులు పెడతాం: ఇది నిలువు, ఈ రెండూ సమాంతరం. ఆ తర్వాత కొలతలు. దీన్నే పారామెట్రిక్ అంటాం, ఒక కొలత మారిస్తే దానిమీద ఆధారపడ్డవన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. స్క్రీన్ మీద బల్ల పొడవు పెంచి చూపించాను. కాళ్లు వాటంతటవే దూరం జరిగాయి.

ఆయన స్క్రీన్ దగ్గరికి వంగారు.

"కాలు పెరిగితె గూడ గిట్లనే మారుస్తదా మేడం?"

యాకుత్‌పురా నుంచి వచ్చే కవిత అనే పిల్ల గురించి అప్పుడు చెప్పారు. ఏడో తరగతి. పాత కాలిపర్ పొట్టిదైపోయి, ఒరుసుకుని పుండు పడి, మూడు వారాలుగా బడి మానేసిందట. నెలలో పరీక్షలు. పిల్ల ఎదిగిన ప్రతిసారీ ఆయన మొదటినుంచీ గీసుకోవాలి, చెయ్యాలి, తొడిగి చూసి విప్పి సరిచెయ్యాలి. రెండు రోజుల్లో బొమ్మ నేనిస్తానన్నాను.

పాత కాలిపరూ కొలతల కాగితమూ తెచ్చిచ్చారు. కాగితం మీద మూడు కొలతలున్నాయి. నేను మొత్తం పొడవు ఒక్కటే తీసుకున్నాను. పాతదాంట్లో మోకాలి కీలు ఎంత ఎత్తులో ఉందో చూసి, కొత్త పొడవుకీ అదే నిష్పత్తి కట్టేశాను. మిగతావి ఎందుకండీ, కంప్యూటర్ చూసుకుంటుంది అని కూడా అన్నాను. స్కెచ్‌లో గీతలన్నీ నల్లగా మారాయి. కొలతలన్నీ కుదిరాయి, ఇక ఏ గీతా అటూ ఇటూ కదలదు అని సాఫ్ట్‌వేర్ చెప్పే గుర్తు అది. మురిసిపోతూ ప్రింటు తీసిచ్చాను.

కవిత వాళ్లమ్మతో వచ్చింది. కొత్త కాలిపర్ తొడుక్కుని, గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేసింది. నాకు ఏనుగెక్కినంత సంబరం. తర్వాత మోకాలి దగ్గర తాళంగా ఉండే రింగును పైకి లాగి, కాలు మడిచి బల్ల మీద కూర్చుంది. ముఖం మాడిపోయింది. ఏమైందమ్మా అని రెండుసార్లు అడిగాను.

"నిలవడితె మంచిగనే ఉంది మేడం. కూసుంటెనే కొరుకుతున్నది."

బెల్టు విప్పి చూస్తే చర్మం ఎర్రగా కందింది. కీలు అసలు మోకాలి కంటే అర అంగుళం పైనుంది. స్కెచ్‌లో తప్పేమీ లేదని వాదించబోయి, ఆ ఎరుపు చూసి మానుకున్నాను. గంటల తరబడి కూర్చుని పరీక్ష రాయాల్సిన పిల్ల.

"బెజ్జం కొట్టేటప్పుడే అనుమానం అయింది," అన్నారు యాదగిరి గారు తల వంచుకుని. "కంప్యూటర్‌ది గదా అని నా చెయ్యిని ఆపుకున్న."

నన్ను నాలుగు తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆయన పెన్నుతో కవిత మోకాలి పక్కన చుక్క పెట్టారు. ఆ కాలు తొడ దగ్గర పెరిగినంతగా పిక్క దగ్గర పెరగలేదట. అందుకే ఎప్పుడూ మోకాలి నుంచి పైకొకటి, కిందికొకటి విడివిడిగా కొలుస్తారట. కాగితం మీద నేను వదిలేసిన రెండు కొలతలూ అవే.

"మోకాలు కాడ సున్న మేడం. గది కదలొద్దు. తక్కినయి కదిలితె కదలని."

స్కెచ్‌లో అన్ని కొలతలూ మొదలయ్యే సున్నా బిందువును ఆరిజిన్ అంటారు. నేల కదా అని నేను దాన్ని మడమ కింద పెట్టాను. రోజూ ఆరిజిన్ మీద పాఠం చెప్పేదాన్నే, సిగ్గుతో చచ్చిపోయాను. అంతా చెరిపేసి ఆరిజిన్‌ను మోకాలి మీద పెట్టి, పైకీ కిందికీ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు కొలతలిచ్చాను. మూడో రోజు, ఆ బొమ్మతో చేసిన కాలిపర్ తొడుక్కుని కవిత కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. వాళ్లమ్మ చాలన్నా వినలేదు. పరీక్షలన్నీ రాసింది.

అప్పటినుంచి ఏ బ్యాచ్ వచ్చినా ముందు ఒకటే అడుగుతాను: మీరు గీయబోయేదాంట్లో ఏది కదలకూడదు? అది తేల్చేదాకా మౌస్ ముట్టుకోనివ్వను. ఈవిడకు చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

మరుసటి ఏడు కవిత మెట్లెక్కి మా క్లాసుకే వచ్చింది. కాలిపర్ మళ్లీ పొట్టిదయింది. నేను టేపు తీసేలోపే మోకాలి మీద వేలు పెట్టి చూపించింది.

"గిది సున్న మేడం. కిందికి ఎంత పెరిగిందో ముందు చూడుండ్రి."

ముప్పావు అంగుళం పెరిగింది.