కళ్ళు మూసుకుని అన్న ఆమేన్

మా చర్చి ఆడవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ప్రతి ఒక్కరికీ ఒక ప్రార్థన జత ఉంటుంది. ఇద్దరూ రోజూ తెల్లవారుజామున ఫోనులో కలుసుకుంటారు. ఒకరు ప్రార్థన చేస్తుంటే రెండోవారు మధ్యమధ్యలో "అవును ప్రభువా" అంటారు, చివర ఆమేన్ అంటారు. తర్వాత వంతు మారుతుంది. పాలు పొంగకుండా ఒక కన్ను స్టవ్ మీద ఉంచి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ప్రార్థించినవాళ్ళం మేం. దేవుడు దానికేమీ అనుకున్నట్టు లేదు.

నా జత మదనపల్లెలో ఉండే అక్క. సొంత అక్క కాదు. నేను పుట్టి పెరిగింది అక్కడి ఆసుపత్రి కాంపౌండులో. అమ్మ వార్డులో ఆయాగా పనిచేసేది. అక్క వాళ్ళది మా వరసలోనే ఇల్లు. అమ్మకు డ్యూటీ ఉన్న రోజు నేను తిన్నది అక్క పళ్ళెంలోనే. రాగి సంగటి ముద్దను రెండుగా చేసి పెద్ద సగం నావైపు తోసేది. నాకు ప్రార్థన నేర్పింది కూడా ఆమే. నేను చేతులు జోడించి పుస్తకాల మాటలు వెతుక్కుంటుంటే, "దేవునితో మాట్లాడేటప్పుడు అట్ల నీళ్ళు నమల్తావు యాల? నాతో చెప్పినట్ల చెప్పు" అనేది. అలాగే చెప్పాను. ఆమెతో చెప్పడం, దేవుడితో చెప్పడం నాకు ఒకటే అయిపోయాయి. ఆ రెండూ వేరని నడివయసు వచ్చేదాకా నాకు తోచలేదు.

పెళ్ళయి పుంగనూరు వచ్చాను. మా ఆయనకు చౌడేపల్లె వైపు పాల కేంద్రంలో పని, నాకు బడిలో టీచరు ఉద్యోగం, ఆదివారం చర్చిలో సండే స్కూలు పిల్లలు. ఇన్ని మారినా తెల్లవారుజాము ఫోను మారలేదు. చెప్పుకునేది నేనొక్కదాన్నే కాదు, అక్క కూడా చెప్పేది. తన ఇంటి సంగతి ఒకటుంది. బయటికి పొక్కితే మదనపల్లెలో తలెత్తుకుని తిరగలేనిది. అది నాతో చెప్పుకుని ఏడ్చింది. అదేమిటో ఇక్కడ రాయను. ఇన్నేళ్ళలో మా ఆయనకు కూడా చెప్పలేదు.

కిందటేడు వానాకాలంలో నాకు భయం జబ్బు పట్టుకుంది. దేనికి భయమంటే చెప్పలేను. బోర్డు మీద లెక్క వేస్తుంటే గుండె దడదడలాడేది, చేతిలో సుద్దముక్క జారిపోయేది. పడుకుంటే ఊపిరి అందేది కాదు. గుండె బాగానే ఉందని పరీక్షల్లో తేలింది. మనసు డాక్టరుకు చూపించుకోమన్నారు. మదనపల్లెలో ఏ ఆసుపత్రికి వెళ్ళినా చీటీ రాసే అమ్మాయి మా కాంపౌండు పిల్లే అయి ఉంటుంది. అందుకని కుప్పం వెళ్ళాం. పలమనేరులో బస్సు మారి, బైరెడ్డిపల్లె మీదుగా అంత దూరం. తెలుగూ అరవమూ కన్నడమూ కలిపి మాట్లాడుకునే ఆ ఊళ్ళో నేనెవరో ఎవరికీ పట్టదు.

డాక్టరు నిమ్మళంగా విన్నాడు. "బీపీ ఉండేవాళ్ళు మాత్ర వేసుకోవడం లేదా, ఇదీ అంతేనమ్మా" అన్నాడు. మాత్రలు పనిచేశాయి. నిద్ర పట్టింది. సుద్దముక్క చేతిలో నిలిచింది.

ఆ మొదటి రోజు తిరుగు బస్సులోనే మా ఆయన నా దగ్గర మాట తీసుకున్నంత పని చేశాడు. "మనోళ్ళకు చెప్పొద్దు. జ్వరమొస్తే పండ్లు తీసుకోని వస్తారు. దీనికైతే నూనె తీసుకోని వస్తారు" అన్నాడు. ప్రార్థన చేసి నుదుట రాసే నూనె. నవ్వాను.

"అక్కకు చెప్పనా?" అని అడిగాను. "ఆయమ్మకైతే చెప్పుకోలే" అన్నాడు.

మర్నాడే చెప్పాను. అక్క ఫోనులో నాకంటే ఎక్కువ ఏడ్చింది. "ఈ మాట నీకూ నాకూ దేవునికీ మధ్యనే ఉంటాదిలేమ్మా" అంది. నేను అడగకుండానే అంది. అందుకే ఆ మాట అంత గుర్తు.

నెలకోసారి, బడికి సెలవుండే రెండో శనివారం, మదనపల్లెలో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన జరుగుతుంది. చర్చి వెనకాల హాల్లో చాపలు పరిచి కూర్చుంటాం. ఒక్కొక్కరు తమ మనవులు చెబుతారు: కూతురికి కాన్పు, కొడుక్కి ఉద్యోగం, ఎవరిదో మోకాలి ఆపరేషను. తర్వాత ఒకరు లేచి అందరి తరఫున ప్రార్థిస్తారు. ఆ రోజు అక్క లేచింది. గొంతు బాగుంటుందని ఆమెనే ఎక్కువగా లేపుతారు. నేను కళ్ళు మూసుకున్నాను.

కాన్పు అయింది, ఉద్యోగం అయింది, మోకాలు అయింది. అప్పుడు గొంతు తగ్గించింది. "దయగల తండ్రీ, పుంగనూరులో ఉండే నీ బిడ్డను జ్ఞాపకం చేసుకో ప్రభువా. సండే స్కూల్లో పిల్లలకు నీ మాటలు నేర్పే బిడ్డ. ఈ పొద్దు సాతాను ఆయమ్మ మనసు పట్టుకోని ఉండాడు. ఎవురికీ తెలీకుండా కుప్పం దాకా పోయి నిద్రమాత్రలు తెచ్చుకోని మింగతా ఉండాది. ఆ మాత్రల నించి విడిపించు నాయనా."

పేరు చెప్పలేదు. పుంగనూరు నుంచి వచ్చేదాన్ని నేనొక్కదాన్నే.

చుట్టూ "స్తోత్రం, స్తోత్రం" అంటున్నారు. నా పక్కనామె "అయ్యో ప్రభువా" అని నిట్టూర్చింది. నేను లేచి ఆపవచ్చు కదా అని తర్వాత మా ఆయన అడిగాడు. మా దగ్గర నలుగురూ కూడి చేసే ప్రార్థన మధ్యలో ఎవరూ లేవరు. కళ్ళు తెరవరు. పసిపిల్ల ఏడ్చినా తల్లి కళ్ళు మూసుకునే జోకొడుతుంది. మనిషి మాటకు ఎదురు చెప్పవచ్చు, ప్రార్థనకు ఎదురు ఎలా చెబుతారు? చాప ఈనె మోకాలికి గుచ్చుకుంటుంటే కదలకుండా విన్నాను. అక్క ముగించగానే అందరూ ఆమేన్ అన్నారు. నా నోరు కూడా అంది. పుట్టినప్పటి అలవాటు. ఆ ఒక్కటి తలుచుకుంటే ఇప్పటికీ నా నోటి మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఉపవాసం ముగించి మజ్జిగ, చిత్రాన్నం పెట్టారు. ఎప్పుడూ పలకరించని ఆడవాళ్ళు వచ్చి నా తల నిమిరారు. ఒక పెద్దావిడ చిన్న నూనె సీసా నా చేతిలో పెట్టి, "మాత్రలు పారెయ్యమ్మా, ఇది రాసుకో" అంది. మా ఆయన చెప్పినట్టే నూనె వచ్చింది. ఈసారి నవ్వు రాలేదు.

చెప్పులు విడిచిన చోట అక్కను పట్టుకున్నాను. "యాల చెప్పితివి అక్కా?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూసింది. "ఎవురికి చెప్తిని? దేవునికి చెప్తిని. మనుషులకు చెప్పలేదు కదమ్మా."

"హాలంతా వినిరి కదక్కా."

"వాళ్ళూ ప్రార్థనలోనే ఉండారు. నీ కోసరం ఇంతమంది మొర పెట్టుకుంటే నీకు మంచిదే కదా. కోపం చేసుకోవద్దు, అది కూడా ఆ జబ్బే."

 ఇక నేను ఏమన్నా జబ్బు ఖాతాలోకి పోతుంది. చెప్పులు వేసుకుని బస్టాండుకు వచ్చేశాను.

ఆ బస్సులో నేను పుంగనూరులో దిగేసరికి మాట నాకంటే ముందే దిగింది. మర్నాడు ఆదివారం మా పాస్టరు అయ్యగారు ఆరాధన అయ్యాక ఆగమన్నారు. మంచి మనిషే, కళ్ళలోకి చూడలేక చర్చి గేటు వైపు చూస్తూ మాట్లాడారు. "కొన్నాళ్ళు రెస్టు తీసుకో అమ్మా. పిల్లల క్లాసు వేరేవాళ్ళు సూసుకుంటారులే. నిమ్మళమైనాక మళ్ళీ సూద్దాం" అన్నారు. బడిలో అరవైమంది పిల్లలకు లెక్కలు చెప్పడానికి పనికొచ్చే మనిషి, చర్చిలో పిల్లలకు పాట నేర్పడానికి పనికిరాకుండా పోయింది. తర్వాతి ఆదివారం వెనక గదిలోంచి పిల్లల పాట వినబడింది. నేను నేర్పిన చప్పట్లతోనే పాడుతున్నారు.  నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

తెల్లవారుజామున ఫోను మోగుతూనే ఉంది. ఎత్తలేదు. ఎత్తకపోతే ఏమైంది, నేనే ప్రార్థించుకుంటాను అనుకున్నాను. కూర్చుంటే నోరు పెగలలేదు. "ప్రభువా" అనగానే అవతల ఎవరో వింటున్నట్టు, రేపు హాల్లో చెప్పబోతున్నట్టు అనిపించేది. క్లాసు పోతే పోయింది. దేవుడితో మాట్లాడుకునే చోటు కూడా ఆమెతోపాటే పోయింది. అది తిరిగి దొరక్కపోతే నేను ఏ చర్చికి వెళ్ళినా ఊరికే వెళ్ళి రావడమే. ఆ నెలల్లో నన్ను పీడించింది భయం జబ్బు కాదు, ఇది.

ఈస్టరుకు ముందు, క్రీస్తు శ్రమలను తలుచుకునే శ్రమకాలం వచ్చింది. యేసు ప్రభువును శత్రువులకు పట్టించిన శిష్యుడు పరాయివాడు కాదనీ, ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టినవాడనీ ప్రతి ఏడూ వినే ప్రసంగమే అయ్యగారు చెప్పారు. చిన్నప్పటినుంచి తల ఊపుతూ విన్నాను. ఈసారి నాకు స్టీలు పళ్ళెం కనిపించింది, రాగి సంగటి కనిపించింది, నావైపు తోసిన పెద్ద సగం కనిపించింది. లేచి బయటికి వచ్చి కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాను.

ఆ తర్వాత మాత్రల కోసం ఒంటరిగా కుప్పం వెళుతుంటే బైరెడ్డిపల్లె దాటాక బస్సు టైరు పంక్చరయింది. అందరూ దిగి రోడ్డు పక్క నీడ వెతుక్కున్నారు. నేను కాస్త దూరంగా నడిచి ఒక చేను గట్టు మీద కూర్చున్నాను. ఎదురుగా వేరుశెనగ పీకేసిన ఎర్రనేల. ఎందుకో ఉన్నట్టుండి పైకే అన్నాను: "నీకు చెప్పుకుంటే, నీ పేరు మీదనే ఊరికంతా చాటిరి. నువ్వు ఆడనే ఉండి వినుకుంటా ఊరికే ఉంటివి. నీకు నోరు లేదా?"

నెలల తర్వాత నేను దేవుడితో అన్న మొదటి మాట అది. ఎవరూ "అవును ప్రభువా" అనలేదు. ఆయన జవాబు చెప్పలేదు, నన్ను కసరనూ లేదు. ఇంకా తిట్టాను. అక్కను తిట్టాను, నూనె సీసాను తిట్టాను, ఆమేన్ అన్న నా నోటిని తిట్టాను. డ్రైవరు హారను కొట్టేదాకా తిడుతూనే ఉన్నాను. బస్సెక్కి కూర్చున్నాక గమనించాను, కళ్ళు మూసుకోలేదు. అయినా ప్రార్థన చేశాను. ప్రసంగాల్లో చెప్పే శాంతి ఏదీ నన్ను నింపలేదు. కానీ ఆకలేసింది. కుప్పంలో దిగి కడుపునిండా ఇడ్లీ తిన్నాను.

ఈ ఏడు బడులు తెరిచాక ఒక రెండో శనివారం మళ్ళీ మదనపల్లె వెళ్ళాను. "నువ్వు పోకుండా ఉంటే వాళ్ళు అనుకున్నిందే నిజమని అనుకుంటారు" అని మా ఆయన పోరుపెట్టాడు. అదే హాలు, అవే చాపలు. అక్క ముందు వరసలో ఉంది. నన్ను చూసి ఏమీ జరగనట్టు నవ్వింది.

మనవులు అయ్యాక, నోటితో చెప్పుకోలేని మనవులున్నవాళ్ళు చెయ్యెత్తమని పాస్టరమ్మగారు అడిగారు. అదీ మా పద్ధతే. చెయ్యెత్తితే చాలు, ఏమిటని అడగరు. కొన్ని చేతులు లేచాయి. అందులో అక్క చెయ్యి ఉంది. ఆమె ఇంట్లోని ఆ సంగతి ఇంకా తీరలేదని నాకు అర్థమైంది.

అమ్మగారు నావైపు తిరిగారు. "చానా రోజులకు వస్తివి. ఈ మనవుల కోసరం నువ్వు ప్రార్థన చెయ్యమ్మా."

లేచి నిలబడ్డాను. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఎంత సులువో అప్పుడు తెలిసింది. పేరు చెప్పనక్కర్లేదు. ఎవరూ ఆపరు. అంతా అయ్యాక అందరితోపాటు ఆమె కూడా ఆమేన్ అనాలి. "దయగల తండ్రీ" అని మొదలుపెట్టాను. "ఈ ఊర్లోనే, ఈ హాల్లోనే కూర్చోని ఉండే నీ బిడ్డ ఒకామె ఉండాది ప్రభువా. ఆమె ఇంట్లో..."

ఆగాను. పుట్టిన తర్వాత మొదటిసారి అందరితో చేసే ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి హాలును చూశాను. వంచిన తలలన్నిటి మధ్యా ఒక్క తల పైకి లేచి ఉంది. అక్క కళ్ళు తెరిచే ఉన్నాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నన్నే చూస్తూ, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. 

"...ఏముండాదో నీకు తెలుసు. నేను చెప్పను. ఆమేన్" అని కూర్చున్నాను.

అక్క నా దగ్గరికి రాలేదు. నేనూ వెళ్ళలేదు. మజ్జిగ తాగకుండానే బస్సెక్కాను. ఆ రోజుదాకా, పాడు మనసు, ఆమె తరఫున వాదిస్తూనే ఉంది. ఆమెది తెలియనితనం, దేవుడితో చెబితే మనుషులకు వినబడదనే పిచ్చి నమ్మకం అని. కానీ తనదాకా వచ్చేసరికి, నేను దేవుడితోనే కదా చెబుతున్నాను, ఆమెకు అంత భయం ఎందుకు? మనుషులు వింటారని ఆమెకు తెలుసు. నా సంగతి చెప్పిన రోజు కూడా తెలుసు.

మర్నాడు తెల్లవారుజామున పాలు స్టవ్ మీద పెట్టాను. ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను. తర్వాత కళ్ళు తెరుచుకునే, "అక్క తెలిసే చేసింది ప్రభువా" అన్నాను. అది మొదలు, చెబుతూనే పోయాను. ఆమేన్ మాత్రం అనలేదు. ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది.