డిసెంబరు పూల చెట్లు

తిరుమలగిరి దగ్గరి మా పల్లెలో, ఇంటి వెనుక పెరట్లో, అమ్మ వరసగా డిసెంబరు పూల చెట్లు పెంచింది. నేను చిన్నపిల్లను; యాభైల చివరి రోజులు. జొన్నలు కోసేశాక ఊరి చుట్టూ చేలు బోసిపోయేవి. ఆ చలిలో తేనెటీగలకు, సీతాకోకచిలుకలకు మా పెరడే దిక్కు. తేనెపిట్టలు ఊదా పూల మీద వాలీ వాలకుండా తిరిగేవి.

అమ్మ సగం పూలే కోసేది. నాన్న తమ్ముడైన మా చిన్నబాపు భార్య, చిన్నమ్మ, దేవుడి పటానికి దండ కడుతూ అడిగేది.

"ఇంకిన్ని కొయ్యరాదక్కా, సాలుతలెవ్వు."

"వాటి తిండి అదేనే. మనకు రొట్టె ఉన్నది గద" అనేది అమ్మ.

పూత అయిపోయి కాయలు చిట్లాక, ఎండలు ముదరకముందే, అమ్మ కొడవలితో కొమ్మలన్నీ మోకాలెత్తుకు కోసేది. వానలు పడ్డాక గుబురెక్కడానికి చివుళ్ళు తుంచేది. బతుకమ్మ పండుగ దాటితే మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. "మొగ్గ కట్టే యాళ్ళ. ఇప్పుడు కోస్తే ఈయేడు పూత లేనట్టే" అని చిన్నమ్మకు నేర్పింది. ఇద్దరూ కలిసే నీళ్ళు పోసేవారు. తోడికోడళ్ళు అంత కలిసి ఉండటం ఊళ్ళో వింతగా చెప్పుకునేవారు.

మా అవ్వ, నాన్న తల్లి, చనిపోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. ఇల్లు మాకు వచ్చింది, పెరడు చిన్నబాపుకు పోయింది. ఆయన అక్కడే రెండు గదులు వేసుకున్నాడు. అమ్మ ఒక్కటే అడిగింది: "జాగా మీదే. చెట్ల పని మాత్రం నాకు ఇడువుండ్రి." చిన్నబాపు సరేనన్నాడు.

మరుసటి ఏడు, చెట్ల నిండా మొగ్గలున్న రోజుల్లో, చేదబాయి దగ్గర ఎవరు ముందు తోడుకోవాలని మాట పెరిగింది. ముందు తన చెట్లకు పోయాలంది అమ్మ. చిన్నమ్మ, "చెట్లు నీయా? నేను పొయ్యలేదా నీళ్ళు?" అంది.

అమ్మ బిందె కింద పెట్టింది. "నువ్వేం పెంచినవే? ఒక్క పిల్లనన్న పెంచినవా?"

చిన్నమ్మకు పిల్లలు లేరు. ఆమె ఖాళీ బిందెతోనే వెళ్ళిపోయింది.

తెల్లవారి నేను పెరట్లోకి వెళ్ళేసరికి చిన్నమ్మ కొడవలి పట్టుకుని కూర్చుని ఉంది. చెట్ల వరస మొత్తం నేలకు జానెడెత్తున కోసేసింది. కొమ్మలు మొగ్గలతోనే కుప్పపడి ఉన్నాయి. వెనకే వచ్చిన అమ్మ వంగి ఒక కొమ్మను చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడు కోస్తరానే?"

"ఎప్పుడు కొయ్యద్దో నువ్వే నేర్పినవు గదక్కా" అంది చిన్నమ్మ, తల ఎత్తకుండా.

ఆ చలికాలం తేనెపిట్టలు కొన్నాళ్ళు వచ్చి మోళ్ళ మీద కూర్చుని పోయాయి. తర్వాత రావడం మానేశాయి. వానలకు చెట్లు వాటంతట అవే చిగురించాయి కానీ, ఇద్దరిలో ఎవరూ వాటి మీద చెయ్యి వేయలేదు. సన్నగా పొడుగ్గా సాగి, కొసల్లో నాలుగు పూలు పూసేవి. "పెద్దదానివి, నువ్వే పొయ్యి మాట్లాడు" అని బాపు ఎన్నిసార్లు చెప్పినా అమ్మ వినలేదు.

అరవైల్లో చిన్నమ్మకు జ్వరం పట్టుకుని వదల్లేదు. దవాఖానకు తీసుకుపోవడానికి బండి కట్టారు. చిన్నబాపు వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. "వదినా, ఒక్కసారి రమ్మంటున్నది."

"పొయ్యి మీద ఎసరున్నది" అంది అమ్మ.

బండి కదిలిన చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది. ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయింది. అమ్మ లేవలేదు. చిన్నమ్మ దవాఖాన నుంచి ప్రాణంతో తిరిగి రాలేదు. శవాన్ని పెరట్లో దింపినప్పుడు అమ్మ అందరికంటే వెనక నిలబడింది. ఏడవలేదు. ఆమె ఏడవనందుకు నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది.

ఏడాది తిరక్కముందే చిన్నబాపు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కొత్తగా వచ్చినామె, బర్రెను కట్టడానికి జాగా చాలదని ఆ చెట్లను వేళ్ళతో సహా తవ్వించింది. గడ్డపార చప్పుడు వింటూ అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.